బియ్యపు గింజంత సైనికుడు

అందరికీ నమస్కారం.

నా వేళ్ల మధ్య ఒక సైనికుడు ఉన్నాడు. వెనుక వరుసల వారికి కనిపించడు. ఎత్తు 6 మిల్లీమీటర్లు, ఇంచుమించు బియ్యపు గింజ పొడవు. బల్లమీద ఆడే యుద్ధక్రీడల్లో బాగా వాడుకలో ఉన్న బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. వాటికి కళ్లు, గుండీలు, మీసాలు దిద్దుతారు, ముచ్చటగానే ఉంటాయి. వీడికి మాత్రం దిద్దకూడదు. ఇది చెప్పడానికే వచ్చాను.

1815లో ఫ్రెంచి సేనలు పోరాడిన వాటర్లూ యుద్ధం తీసుకుందాం. ఫ్రెంచి పదాతి సైనికుడి కోటు ముదురు నీలం. నా మొదటి దళానికి అచ్చంగా ఆ నీలమే వేశాను, నెలరోజులు కూర్చుని గుండీలు కూడా పెట్టాను. దీపం కింద చూస్తే అద్భుతం. బల్లమీద పెట్టి మూడడుగులు వెనక్కి జరిగాను. నల్లటి ముద్ద! ఇంత చిన్న రంగు మచ్చలను దూరం నుంచి కన్ను విడదీయలేదు, కలిపేస్తుంది. ముదురు నీలం పక్కనున్న నీడలో కరిగిపోతుంది. అందుకే ఇప్పుడు నీలంలో తెలుపు కలిపి, అసలు కోటుకంటే బాగా లేతగా వేస్తాను. చరిత్రకు ద్రోహం చేస్తున్నానని కొందరు మిత్రులు బాధపడ్డారు. కానీ ఆట ఆడేవాడి కంటికి అది నీలంగా కనబడాలి కదా!

ముందుగా బొమ్మ అంతటికీ నల్లని పూత వేసి ఆరనివ్వండి. తరువాత కోటుకు నీలం, ఛాతీకి తెలుపు, ముఖానికి ఒక చుక్క, తుపాకీకి గోధుమ రంగు గీత, దాని కొనకు బిగించే కత్తికి, అంటే బయొనెట్‌కు వెండి మెరుపు. రంగుకూ రంగుకూ మధ్య నలుపును సన్నగా వదిలేయండి. నీడ విడిగా వేయనక్కర్లేదు, ఆ నలుపే నీడ.

అన్నిటికంటే చిన్న కుంచె కొనాలని చాలామంది అనుకుంటారు. వద్దు. అది పట్టే రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన చెదరని ఒకటో నంబరు కుంచె చాలు.

మిగిలిన ఓపికంతా నేలకు ఖర్చు పెట్టండి. ఈ బొమ్మలు గుంపుగా ఒకే పీటమీద నిలబడతాయి, కంటికి ముందు ఆనేది ఆ పీటే. మట్టి రంగు ముదురైతే సైనికులను మింగేస్తుంది. పొడి కుంచెతో లేత ఇసుక రంగు తేలిగ్గా రాసి, అక్కడక్కడ గడ్డి అంటిస్తే కోట్లన్నీ ఒక్కసారిగా పైకి తేలుతాయి.

ఈ పీటను మీ మధ్యకు పంపిస్తున్నాను. దయచేసి కళ్లకు దగ్గరగా పెట్టుకోకండి. చేయి పూర్తిగా చాచి చూడండి.