ఒకే దీవిలో ఇన్ని వాతావరణాలా? పెన్సిల్‌తో గీసి చూద్దాం

నమస్కారమండి. ఈ రోజు శ్రీలంక మ్యాప్ నేర్చుకుందాం. ఒక తెల్ల కాగితం, పెన్సిల్ తెచ్చుకోండి, కావాలంటే వీడియో ఆపి తెచ్చుకోండి. ఈ పాఠం వింటే సగమే వస్తుంది, గీస్తే పూర్తిగా వస్తుంది.

నిలబెట్టిన మామిడికాయలా దీవి గీయండి. పడమటి ఒడ్డున కొలంబో, తూర్పు ఒడ్డున బట్టికలోవా, దానికి పైన ట్రింకోమలీ. నడుమ, కాస్త దక్షిణంగా కొండలు. ఆ కొండల్లో నువారా ఎలియా అని రాయండి. ఈ దీవి వెడల్పు మహా అయితే 225 కిలోమీటర్లు. రాజమండ్రిలో రైలెక్కి విశాఖలో దిగే దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంతలోనే కొండల పడమటి వాలులో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వాయవ్యాన మన్నార్ వైపు 1,000 కూడా కష్టమే.

ఎందుకిలా? ముందు గాలి చూడాలి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీస్తుంది. కాగితం కింద ఎడమ మూల నుంచి కొండల వైపు బాణం గీయండి. సముద్రం మీది తేమంతా మోసుకొచ్చిన గాలి కొండకు తగిలి పైకెక్కుతుంది, ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, మబ్బు కట్టి కురుస్తుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. అవతలి వైపు ఏమవుతుందన్నది మాత్రం చాలామంది ఒక్క ముక్కలో దాటేస్తారు. మనం లెక్క వేద్దాం.

(కాగితం మీద రాస్తూ) ఒడ్డున గాలి 28 డిగ్రీలు అనుకోండి. మబ్బు కట్టక ముందు ప్రతి 1,000 మీటర్లకు సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. 500 మీటర్లు ఎక్కేసరికి 23. అక్కడ మబ్బు కట్టింది. నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకున్న వేడిని, చినుకుగా మారేటప్పుడు తిరిగి గాలికే ఇచ్చేస్తుంది. అందుకని అక్కడి నుంచి 1,000 మీటర్లకు 5 డిగ్రీలే తగ్గుతుందనుకుందాం. 2,000 మీటర్లకు చేరేసరికి పదిహేనున్నర. వానంతా ఇవతలే కురిసిపోయింది. ఇక పొడిగాలి అవతలికి దిగాలి. దిగేటప్పుడు మళ్ళీ 1,000 మీటర్లకు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. 2,000 మీటర్లు దిగితే ఎంత? ముప్పై అయిదున్నర! 28తో బయల్దేరిన గాలి అది. అందుకే పడమటి వాలు తడిసి ముద్దవుతున్న జులైలో తూర్పు తీరంలో ఎండ మండిపోతుంది. ఆ వేడిగాలిని అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు.

ఇప్పుడు ఈశాన్యం నుంచి ఇంకో బాణం గీయండి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఈసారి తడిసేది తూర్పు, తెరిపి పడమటికి. కాబట్టి శ్రీలంకకు ఎప్పుడు వెళ్ళాలి అని ఎవరైనా అడిగితే, ఏ వైపుకి అని ముందు తిరిగి అడగండి.

నువారా ఎలియా ఎత్తు 1,868 మీటర్లు. ఇక్కడ మనం లెక్కేసేది ఎక్కి దిగే గాలి కాదు, ఊరి సగటు ఉష్ణోగ్రత. దానికి 1,000 మీటర్లకు ఆరున్నర డిగ్రీలు చొప్పున తగ్గించాలి. అంటే 12 తగ్గాలి. కొలంబో సగటు 27 నుంచి తీసేస్తే 15 వస్తుంది. అసలు సగటు కూడా 16 చుట్టుపక్కలే. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్న ఊళ్ళో జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుందంటే నమ్ముతారా? ఎత్తు చేసే పని అది.

మరి మన కోనసీమ? గౌతమికీ వసిష్ఠకీ మధ్య, సముద్రం ఒకవైపు. ఇదీ దీవి లాంటిదే, కానీ కొండ లేదు. ఇక్కడ తేడా తెచ్చేది సముద్రపు గాలి. మే నెలలో రాజమండ్రిలో పడమటి వడగాలికి జనం తలుపులేసుకుంటే, అంతర్వేదిలో మధ్యాహ్నానికి గాలి తిరిగి కాస్త ఊపిరి పీల్చుకోనిస్తుంది, కానీ ఉక్కపోత మాత్రం పోదు. కొండ మనకు దూరం నుంచే పనిచేస్తుంది. గోదారి పుట్టిన త్ర్యంబకం పడమటి కనుమల్లోనే ఉంది. ఆ కనుమల తూర్పున మరాఠ్వాడా వాన లేక అల్లాడుతుంది, అచ్చం మన బొమ్మలో అవతలి వాలులాగే. నది కిందికొచ్చాక ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలుస్తాయి. అందుకే మన ఇంటి దగ్గర చినుకు లేకపోయినా లంక గ్రామాల చుట్టూ ఎర్రనీరు వచ్చేస్తుంది.

ఇక మీ వంతు. హవాయి పెద్ద దీవి గీయండి. గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచే. నడుమ 4,207 మీటర్ల మౌనా కేయా. తూర్పున హిలో, పడమట కవాయిహయే. వాన ఎక్కడ ఎక్కువ? వీడియో ఆపి బాణం గీసి చెప్పండి.

గీశారా? హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైనే, కవాయిహయేలో 250 దగ్గర. ఇప్పుడు 4,207ని ఆరున్నర లెక్కన గుణించి, శిఖరం మీద చలికాలంలో ఏం కురుస్తుందో మీరే రాయండి.