ముందు ఆ బ్యాగు మీరు ఎత్తి చూడండి

వేదిక మీది పెద్దలకు, తల్లిదండ్రులకు, తోటి టీచర్లకు నమస్కారం. పిల్లల ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ ముందు బ్యాగు గురించి మాట్లాడనివ్వండి.

ఇరవై ఏళ్లుగా డ్రిల్ టీచరుగా రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడుతున్నాను. మీరు పిల్లల్ని దింపి వెళ్లిపోతారు. వాళ్లు లోపలికి నడిచే తీరు చూసేది నేను. నడుము ముందుకు వంగి ఉంటుంది, మెడ పైకెత్తి ఉంటుంది, రెండు బొటనవేళ్లూ పట్టీల కింద దూర్చి ఉంటాయి. పట్టీ భుజాన్ని కోస్తుంటే ఆ వేళ్లే అడ్డం పెట్టుకుంటారు, పాపం.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు బ్యాగు నేనే కొన్నాను. పెద్ద సైజు తీసుకున్నాను. పెరిగే పిల్ల కదా, మూడేళ్లు పనికొస్తుందనుకున్నాను. ఒక సాయంత్రం స్నానం చేయించబోతూ వాళ్లమ్మ నన్ను పిలిచింది. పిల్ల రెండు భుజాల మీదా ఎర్రటి చారలు. పట్టీ అంచున ఉన్న కుట్టు కూడా చర్మం మీద అచ్చు పడి ఉంది. వేలితో తాకితే భుజం వెనక్కి లాక్కుంది. "రోజూ ఉంటాయి నాన్నా, పొద్దునకి పోతాయి" అంది.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఆ రాత్రే బ్యాగు తూచాను. నాలుగు కిలోల పైన ఉంది. అప్పుడు పిల్ల బరువు 21 కిలోలు. బ్యాగు బరువు పిల్ల బరువులో 10 శాతం, మహా అయితే 15 శాతం దాటకూడదని డాక్టర్లు చెబుతారు. అంటే మా పిల్ల మోయాల్సింది రెండు కిలోలు, ఎంత లేదన్నా మూడు. పుస్తకాలన్నీ తీసేసి మళ్లీ తూచాను. ఉత్త బ్యాగే కిలో పైన ఉంది! ఒక్క పుస్తకం పెట్టకముందే సగం అయిపోయిందన్నమాట. దానికి తోడు నీళ్ల సీసా. లీటరు నీళ్లంటే కిలో బరువు. బడిలో మంచి నీళ్లు దొరుకుతుంటే సీసా సగమే నింపి పంపండి.

దయచేసి బ్యాగు పెద్ద సైజు కొనకండి. బట్టలు వదులైతే మడిచి కుట్టుకోవచ్చు, బ్యాగుకి ఆ వీలు లేదు. కిందికి వేలాడే బ్యాగు పిల్లని వెనక్కి లాగుతుంది. పడిపోకుండా ఉండాలని పిల్ల ముందుకు వంగుతుంది. గేటు దగ్గర నేను చూసే వంపు అదే. కొనేటప్పుడు పిల్లని వెంట తీసుకెళ్లండి, నాలుగు పుస్తకాలు కూడా పట్టుకెళ్లండి. అవి లోపల పెట్టి, పిల్లకి తగిలించి, పక్క నుంచి చూడండి. వెడల్పు భుజాలు దాటకూడదు. అడుగు నడుము దగ్గర ఆగాలి, నడుము కిందికి 10 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. పట్టీలు రెండూ వెడల్పుగా, లోపల స్పాంజితో ఉండాలి. సన్న పట్టీ భుజం దగ్గరి నరాలని నొక్కితే చేతులు తిమ్మిరెక్కుతాయి. వీపుకి ఆనే వైపూ స్పాంజి ఉండాలి, లేకపోతే పుస్తకం మూలలు గుచ్చుకుంటాయి. నడుము బెల్టు ఉంటే పెట్టించండి. భుజాల మీది బరువు కొంత నడుము మీదికి దిగుతుంది.

పెద్ద పిల్లలు ఒక్క భుజానికే తగిలించుకుంటారు. అది మాన్పించండి. బ్యాగు మోస్తే వెన్నెముక శాశ్వతంగా వంకరపోతుందని కొందరు భయపెడతారు, దానికి సరైన ఆధారం లేదు. ఆ టెన్షన్ పెట్టుకోకండి. కానీ కండరాల నొప్పి నిజం. వీపు నొప్పి అని పిల్ల చెబితే బడి ఎగ్గొట్టడానికి అంటోందని కొట్టిపారేయకండి. మా అమ్మాయైతే చెప్పనే లేదు. పొద్దునకి పోతాయి కదా అని ఊరుకుంది.

సర్దడంలోనూ ఒక పద్ధతుంది. బరువైన పుస్తకాలు వీపుకి ఆనేలా, తేలికవి ముందు అరలో పెట్టాలి. రాత్రి సర్దేటప్పుడు మరుసటి రోజు టైంటేబుల్ చూసి మిగతావి తీసేయండి. టీచర్లూ, మీకూ ఒక విన్నపం. ఆ రోజు తెరవని పుస్తకాన్ని తెమ్మనకండి. నోట్సులు క్లాసులోనే ఉంచుకునే ఏర్పాటు చేద్దాం. తాళం నా దగ్గరే ఉంచుకుంటాను, పొద్దున్నే వచ్చి నేనే తీస్తాను.

ఆటల సంగతి ఇంకోసారి చెబుతాను. పిల్లల బ్యాగులన్నీ వరండాలో ఉన్నాయి. మీటింగ్ అవగానే మీ పిల్ల బ్యాగు మీరే చేత్తో ఎత్తుకు రండి. మెట్ల దగ్గర స్ప్రింగు త్రాసు వేలాడదీశాను. తూచి, పిల్లని నిలబెట్టి, పట్టీలు సరిచేద్దాం. ఆఖరి బ్యాగు దాకా ఇక్కడే ఉంటాను.