పాత హిమాలయన్ 411: ఇంజిన్ కంటే ముందు గ్రీజు పని

నమస్తే అండి. ఈ వీడియో పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 నడుపుతున్నవాళ్ల కోసం, సెకండ్ హ్యాండ్‌లో కొందామని చూస్తున్నవాళ్ల కోసం.

ముందు మీ బండి ఏ రకమో తేల్చుకోండి. 2016లో వచ్చిన మొదటి బళ్లు బీఎస్-3 (పొగ కాలుష్య నియమాల్లో మూడో దశ), వాటికి కార్బరేటర్. 2017లో బీఎస్-4తో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2020లో బీఎస్-6, వెనక ఏబీఎస్ (బ్రేకు పడితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపుకునే స్విచ్ దాంతోనే వచ్చింది. 2023 నవంబర్‌లో వచ్చిన 450 పూర్తిగా వేరే బండి, నీళ్లతో చల్లబడే ఇంజిన్. దాని సామాను దీనికి సరిపోతుందని ఎవరైనా చెబితే డబ్బులివ్వకండి.

బండి పాతబడగానే అందరి చెవీ ఇంజిన్ మీదకే పోతుంది. టప్పెట్ సౌండ్ వస్తోందా, పొగ వస్తోందా అని. 411 ఇంజిన్ మొండిది. 24.5 హార్స్‌పవర్, 32 న్యూటన్ మీటర్ల టార్క్, అదీ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. ఆయిల్ సరిగ్గా మారుస్తూ ఉంటే అంత తొందరగా పోదు. పోయేవి దాని చుట్టూ ఉన్నవి: హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్ సెట్), వెనక షాకప్ లింకేజ్ (షాకప్ కింది మీటల జత) బేరింగులు, స్పోకులు, వైర్లు. చాలా బళ్లలో కంపెనీ నుంచి వచ్చేటప్పుడే గ్రీజు పొదుపుగా పెట్టి ఉంటుంది. అందుకే ఇవాళ ఎక్కువసేపు గ్రీజు పనే చేస్తాం.

కోన్‌సెట్‌తో మొదలుపెడదాం. బండిని మెయిన్ స్టాండ్ మీద వేయండి. కింద ఉన్న సంప్ గార్డ్ రేకు పలచన, జాకీ నేరుగా దానికి పెడితే నొక్కుకుపోతుంది. గార్డ్ విప్పేసి, ఫ్రేమ్ కింది గొట్టాలకి అడ్డంగా చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి ముందు చక్రం లేపండి. ఇప్పుడు హ్యాండిల్‌ని రెండు వేళ్లతో, చాలా నెమ్మదిగా, ఎడమ నుంచి కుడికి తిప్పండి. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడి ఆగినట్టు అనిపిస్తే రేసుల్లో (బాల్స్ తిరిగే ఉక్కు రింగుల్లో) గుంటలు పడ్డాయి. దాన్ని బిగిస్తే పోదు, గ్రీజు పెట్టినా పోదు. సెట్ మార్చాల్సిందే. అలాంటి బండి హైవే మీద నిటారుగా పోదు. చిన్నగా అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, మనం టైర్‌ని తిట్టుకుంటాం.

రెండో పరీక్ష లూజు గురించి. ఫోర్కుల (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల) కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్ మంటోందా? ఆ టక్ కోన్‌సెట్‌దా, ఫోర్కు బుష్‌లదా తెలియాలంటే పక్కన ఒకరిని నిలబెట్టి, ఫ్రేమ్ తలకీ కింది యోక్‌కీ (ఫోర్కుల్ని కలిపి పట్టుకునే క్లాంపు) మధ్య సందులో వేలు పెట్టమనండి. వేలికి కదలిక తెలిస్తే కోన్‌సెట్. అక్కడ ఏమీ తెలియకుండా కింద మాత్రమే ఊగుతుంటే ఫోర్కు బుష్. ఈ ఒక్క తేడా చూడకుండా కోన్‌సెట్ మార్చేసి, సౌండ్ అలాగే ఉందని మళ్లీ షాపుకి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

మార్చేటప్పుడు ఒరిజినల్ సెట్టే వేయొచ్చు, లేదా బాల్స్ బదులు ఏటవాలు రోలర్లుండే టేపర్ రోలర్ బేరింగ్ సెట్ వేయొచ్చు. లగేజీ కట్టి ఘాట్ రోడ్లు తిరిగే బండికి మా ఓటు టేపర్‌కే. బాల్ రేసుకి చుక్కంత చోట తగిలే బరువు రోలర్‌లో గీత పొడవునా పంచుకుంటుంది, గుంటలు తొందరగా పడవు. కానీ ఒకటి చూసుకోండి. కొన్ని టేపర్ సెట్లు పాతవాటికంటే కొంచెం ఎత్తుంటాయి. అన్నీ బిగించాక పై నట్టుకి మర పూర్తిగా దొరుకుతోందా లేదా కళ్లతో చూడండి. సగం మరే పట్టుకుంటే ఆ సెట్ తిరిగి ఇచ్చేయండి.

పని ఇలా సాగుతుంది. ట్యాంకు తీసి పక్కన పెట్టండి. తీయకుండా కూడా చేయొచ్చు కానీ పానా జారితే ట్యాంకు మీద గీత పడుతుంది. బ్రేక్ క్యాలిపర్ విప్పి, తీగతో ఫ్రేమ్‌కి వేలాడదీయండి. హోస్ మీద బరువు పడకూడదు. ఏబీఎస్ బండి అయితే సెన్సర్ కూడా విప్పి పక్కకి పెట్టండి. చక్రం, కింది మడ్‌గార్డ్ తీసేయండి. హిమాలయన్‌లో హెడ్‌లైటు, మీటర్లు ఫ్రేమ్‌కే ఉంటాయి, హ్యాండిల్‌తో తిరగవు. కాబట్టి వాటి జోలికి పోనక్కర్లేదు, చెయ్యి దూర్చడానికి మాత్రం కాస్త ఇరుకు. హ్యాండిల్ క్లాంపులు విప్పి, గుడ్డ పరిచి వెనక్కి పడుకోబెట్టండి. ఫోర్కులు జార్చి తీసే ముందు పై యోక్ కంటే ఎంత పైకి ఉన్నాయో కొలిచి రాసుకోండి. తరువాత పై నట్టు, పై యోక్. ఆ కింద చుట్టూ గాళ్లు (గాట్లు) ఉన్న నట్టు కనిపిస్తుంది, దానికి హుక్ పానా కావాలి. ఉలి పెట్టి కొట్టి తిప్పే అలవాటు మన షాపుల్లో బాగా ఉంది. గాళ్లు చెడితే తరువాత సర్దుబాటు కుదరదు, వద్దని చెప్పండి. ఆ నట్టు వదిలేటప్పుడు కింది యోక్‌ని ఒక చేత్తో పట్టుకోవాలి, లేకపోతే అది జారి కింద పడుతుంది.

ఫ్రేమ్ లోపలి పాత రేసుల్ని పొడవాటి పంచ్‌తో లోపలి నుంచి కొట్టాలి. ఒకసారి ఇటు, ఒకసారి అటు, మార్చి మార్చి. ఒకేవైపు కొడితే రేసు వంకరగా ఇరుక్కుని ఫ్రేమ్ గొట్టాన్ని గీకుతుంది. కొత్త రేసుల్ని ముందు ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టి ఉంచండి, సులువుగా దిగుతాయి. పాత రేసునే దాని మీద బోర్లించి కొట్టండి. పూర్తిగా కూర్చున్నాక సుత్తి సౌండ్ మారుతుంది, బొంగురు పోయి గట్టిగా ఖంగుమంటుంది. స్టెమ్ (కింది యోక్ మీద నిలబడ్డ కడ్డీ) కింద ఉన్న బేరింగ్ చేతులతో రాదు. పుల్లర్ లేకపోతే లేత్ షాపుకి ఇవ్వండి.

గ్రీజు వాటర్‌ప్రూఫ్‌ది తీసుకోండి, ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (గ్రీజు చిక్కదనం కొలత). అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగ్ అంచుని ఆ ముద్దలోకి నొక్కుతూ పోవాలి. పై వైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు బయటికి వచ్చేదాకా, చుట్టూ. పైపైన పూస్తే లోపల ఖాళీయే ఉంటుంది.

బిగింపులోనే పని బాగుపడేదీ చెడేదీ. ముందు నట్టుని కాస్త గట్టిగానే బిగించండి. స్టెమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు తిప్పండి, బేరింగులు కూర్చుంటాయి. నట్టు వదులు చేసి, లూజు పోయేంతవరకే మళ్లీ బిగించండి. అన్నీ ఎక్కించాక ముందు చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ని మధ్య నుంచి కొంచెం తోస్తే దానంతట అదే పక్కకి వాలాలి, ఎక్కడా ఆగకూడదు. వాలకపోతే బిగువెక్కువ. పై నట్టు బిగించినప్పుడు కింది సర్దుబాటు కొంచెం మారుతుంది, అందుకే ఈ పరీక్ష చివర్లో మళ్లీ చేయాలి.

ఇప్పుడు వెనక్కి వద్దాం. మోనోషాక్ కింద లింకేజ్ ఉంటుంది. రోడ్డు మీది బురద, నీళ్లు నేరుగా తగిలేది దానికే. లోపల నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నటి రోలర్లవి), వాటి మధ్య ఉక్కు బుష్‌లు. వెనక మనిషి కూర్చుంటే కిర్రుమనడం, వెనక చక్రం పట్టుకుని పైకి లేపితే కాస్త ఆడి తరువాత షాకప్ కదలడం, ఇవి గుర్తులు. వానాకాలంలో విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలి తగిలే బండికి ఏడాదికోసారి విప్పడం మంచిది. హైదరాబాద్‌లో ఆఫీసుకి తిరిగే బండికి రెండేళ్లకోసారి చాలు.

మెయిన్ స్టాండ్ వేస్తే వెనక చక్రం వేలాడుతుంది, బోల్టుల మీద బరువుంటుంది. చక్రం కింద పలచని చెక్కలు ఒక్కొక్కటీ దోపుతూ, బోల్టుని చేత్తో తిప్పి చూస్తూ ఉండండి. వేళ్లతో తిరిగిందంటే బరువు పోయిందన్నమాట, అప్పుడు లాగండి. సుత్తి పనే లేదు. ఏ బోల్టు ఏ వైపు నుంచి వచ్చిందో విప్పకముందే ఫోటో తీసుకోండి. బుష్ బయటికి తీసి వెలుతురులో చూడండి. గోధుమరంగు మరక గుడ్డతో తుడిస్తే పోతే పర్వాలేదు. గోటికి గరుకు తగిలితే బుష్, బేరింగ్ రెండూ మార్చాలి. బేరింగ్‌ని సుత్తితో కొట్టకండి, సన్నటి సూదులు నలిగిపోతాయి. వైస్‌లో పెట్టి, సరిపడే సాకెట్‌తో నొక్కి దింపండి. డీజిల్‌తో కడిగి, బాగా ఆరాక గ్రీజు కూరండి. సీల్ అంచు చిరిగితే అదీ మార్చాలి. ఆ చిన్న రబ్బరు బాగుంటేనే లోపలి గ్రీజు నిలుస్తుంది.

స్వింగ్ ఆర్మ్ పెద్ద బోల్టు కూడా ఇదే పూటలో తీసి గ్రీజు పెట్టేయండి. ఏళ్ల తరబడి కదపకపోతే తుప్పుతో అతుక్కుపోతుంది, అప్పుడు ఒకరోజు పని మూడు రోజులవుతుంది.

చక్రాల సంగతి. ముందు 90/90-21, వెనక 120/90-17, రెండూ ట్యూబ్ టైర్లే. ఒక్కరే వెళ్తే గాలి ముందు 25, వెనక 32 పీఎస్‌ఐ. చిన్న పానాతో ఒక్కో స్పోకునీ తట్టుకుంటూ పొండి. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. లగేజీ మోసే వెనక చక్రంలోనే ఎక్కువ వదులవుతాయి. ఒకటి రెండైతే పావు తిప్పు బిగించండి. అంతకంటే ఎక్కువైతే బెండు తీసేవాడి దగ్గరికి వెళ్లాలి, మనమే బిగించుకుంటూ పోతే రిమ్ము వంకర తిరుగుతుంది. మారేడుమిల్లి, అరకు వైపు వెళ్లేటప్పుడు 21 అంగుళాల ట్యూబు తప్పకుండా వెంట ఉంచుకోండి. ఊళ్లలో పంచర్ షాపుల్లో 17, 18 దొరుకుతాయి గానీ ఆ సైజు దొరకదు. పెద్ద ఊళ్లో హిమాలయన్‌ది లేదంటే ఎక్స్‌పల్స్ 200 ముందు ట్యూబు అడగండి, ఆ టైరు సైజూ ఇదే.

చైన్‌ని మరీ బిగించొద్దు. ఈ బండికి వెనక సస్పెన్షన్ 180 మిల్లీమీటర్లు కదులుతుంది. స్టాండ్ మీద బిగువుగా కనిపించే చైన్, మనిషి, లగేజీ ఎక్కాక తీగలా లాక్కుపోయి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగుని తినేస్తుంది. చక్రం తిప్పుతూ ఎక్కడ అన్నిటికంటే బిగువుగా ఉందో అక్కడే కొలవండి. కడగడానికి డీజిల్ చాలు, పెట్రోలు వాడితే ఓ-రింగులు పాడవుతాయి.

ఆయిల్ గురించి రెండు మాటలే. 15డబ్ల్యూ-50 (చిక్కదనం), జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ గుర్తు). కంపెనీ పదివేల కిలోమీటర్లకి మార్చమంటుంది. మన ఎండలకి, ట్రాఫిక్‌కి ఐదు వేలకి మార్చేయడం నయం. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి. ఫిల్టర్ ఏ వైపు తిరిగి ఉందో తీసేటప్పుడే ఫోటో తీయండి. మూత బోల్టులు చిన్నవి, మణికట్టు బలంతో బిగిస్తే చాలు. మోచేతి బలం పెడితే అల్యూమినియంలో మర పోతుంది. ముందు లీటరున్నర పోసి, ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపి, కాసేపాగి, బండి నిటారుగా ఉంచి కుడివైపు గాజు కిటికీలో చూస్తూ మిగతాది కొంచెం కొంచెం పోయండి.

ముందున్న ఆయిల్ కూలర్‌కి ప్రెషర్ వాష్ దగ్గరగా కొట్టించకండి, రెక్కలు పడుకుంటే గాలి పోదు.

కరెంటు వైపు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి మూడు వేల ఆర్‌పీఎం దగ్గర 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. ఫాగ్ లైట్లు వేశారా? అవి ఆన్ చేసి కూడా కొలవండి. హ్యాండిల్ తిప్పినప్పుడు ఇంజిన్ ఆగిపోతోందంటే స్టీరింగ్ తల దగ్గర వైర్లు రాసుకుని లోపల తెగి ఉంటాయి, కోన్‌సెట్ విప్పినప్పుడే టేప్ తీసి చూసేయండి. న్యూట్రల్‌లో బాగానే ఉండి గేరు వేయగానే ఆగిపోతుంటే, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పోయిందని ఎవరైనా చెప్పకముందే సైడ్ స్టాండ్ స్విచ్ విప్పి కడగండి. దానిలో మట్టి చేరుతుంది.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా 20 శాతం ఇథనాల్ కలిపింది. పాత 411లు దాని కోసం తయారైనవి కావు. ఇథనాల్ తేమని పీలుస్తుంది, బండి నెలల తరబడి నిలబెడితే ఉక్కు ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. నిలబెట్టేటట్టయితే ట్యాంకు నింపి పెట్టండి. పెట్రోలు పైపు వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. ఇంజెక్షన్ బండిలో కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు పంపు సన్నగా మోగాలి. కార్బరేటర్ బండి అయితే వానాకాలం అయ్యాక ఫ్లోట్ బౌల్ అడుగు స్క్రూ విప్పి నీళ్లు వంపేయండి.

కోన్‌సెట్ మార్చాక ఐదు వందల కిలోమీటర్లకి ఒకసారి చక్రం లేపి లూజు చూడాలి, కొత్త రేసులు కాస్త దిగుతాయి. అప్పుడు కోన్‌సెట్‌లో లూజు లేకపోయినా గతుకుల్లో టకటక వినిపిస్తుంటే, నడుస్తూనే ముందు బ్రేకు కొంచెం పట్టి చూడండి. సౌండ్ ఆగిపోతే అది బ్రేక్ ప్యాడ్లది. క్యాలిపర్ పిన్నులు కడిగి సిలికాన్ గ్రీజు పెట్టి, ప్యాడ్ స్ప్రింగ్ రేకు తన చోట ఉందో లేదో చూడండి.