పట్టాల కిందికి పోయిన అడవి

అధ్యక్షులకు, గ్రంథాలయం వారికి, పిల్లలకు నమస్కారం. అటవీ దినోత్సవం కదా, మొక్కలు నాటడం గురించి పదినిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై రెండేళ్ళు రైలు పట్టాల మీద పనిచేసినవాణ్ణి. అడవి అంటే నాకు ముందు స్లీపర్ చెక్కే, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మే గుర్తొస్తుంది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

మన దేశంలో అటవీ శాఖ 1864లో పుట్టింది. అప్పుడు ప్రభుత్వానికి ముఖ్యంగా కావలసింది పట్టాల కిందికి కలప. హిమాలయాల్లో, ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని భాగీరథి లోయలో విల్సన్ అనే తెల్లవాడు దేవదారు నరికించి, దుంగల్ని నదిలో వదిలి హరిద్వార్ దాకా పంపేవాడు. కింది కొండల్లో సాల చెట్లు పోయాయి. తర్వాత, మందు పట్టిస్తే ఆ కొండల్లోని చీర్ పైన్ అనే సూదాకుల చెట్టు కూడా స్లీపర్లకు పనికొస్తుందని తేలింది. దాని జిగురు నుంచి టర్పెంటైన్ వస్తుంది. ఇంకేం, దొరలకు చీర్ ముద్దయింది.

పిల్లలూ, ఈ చీర్ ఆకుల కట్ట ఒకరి తర్వాత ఒకరు చూడండి. మా అమ్మాయి వాళ్ళు ఆ కొండల్లోనే అల్మోరాలో ఉన్నప్పుడు వెళ్ళి తెచ్చుకున్నాను. గుత్తికి మూడు సూదులు, ఒక్కోటి జానెడు. పిరుల్ అంటారు. మన సరుగుడు తోటలో రాలినట్టే నేలంతా పరుచుకుంటుంది. కాలు వేస్తే జారుతుంది, అగ్గిపుల్ల పడితే భగ్గుమంటుంది.

ఆ పక్కనే బాంజ్ అనే ఓక్ తోపు. గడ్డిమోపు ఎత్తుకున్న ఒక పెద్దావిడ ఆకుల కింద చెయ్యి పెట్టి, గుప్పెడు మట్టి తీసి నా అరచేతిలో పోసింది. మే నెలలో, నల్లగా, తడితడిగా! తోపు కింద రాతిమెట్ల ఊటబావి, నౌలా అంటారు, అందులో నీళ్ళున్నాయి. చీర్ వాలు కింది నౌలాలో బురదే మిగిలింది. ఏం పని చేస్తావని అడిగింది. రైల్వే అన్నాను. "మా మామగారు మీకే చెక్కలు మోశాడు" అంది.

నరికిన చోట ఎండ పడుతుంది. ఎండ చీర్‌కి ఇష్టం. దాని బెరడు మందం, మంటకు తట్టుకుంటుంది. ఓక్ మొలక మాడిపోతుంది. అడవి తమ చేతిలోంచి పోయిందన్న కసితో 1921లో కుమావూ, అంటే ఆ అల్మోరా వైపు కొండల జనం చీర్ అడవులకే నిప్పు పెట్టారు. మరుసటి ఏడాదే మన మన్యంలో అల్లూరి. అక్కడా ఇక్కడా అడవి చట్టాలే కడుపు మండించాయి. దీని మీద గంట మాట్లాడగలను, టైము లేదు.

1974లో ఆ కొండల్లోనే రేణీ అనే ఊళ్ళో గౌరాదేవి, తోటి ఆడవాళ్ళు చెట్లు నరకనివ్వకుండా అడ్డుపడ్డారు, అదే చిప్కో ఉద్యమం. 1981లో ఆ కొండల్లో వెయ్యి మీటర్ల ఎత్తుకు పైన పచ్చని చెట్లు నరకడం ఆపారు. గొడ్డలి ఆగింది. చీర్ మాత్రం పైకి పాకుతూనే ఉంది.

ఇప్పుడు చలికాలం మంచు, వాన తగ్గుతున్నాయి. వేసవికి ముందే నేల ఎండిపోతోంది. 2024 ఏప్రిల్‌లో నైనితాల్ మంటలార్పడానికి భీమ్‌తాల్ చెరువు నీళ్ళు హెలికాప్టర్‌తో మోశారు. జూన్‌లో అల్మోరా దగ్గరి బిన్సర్ అడవిలో మంటలార్పబోయిన నలుగురు అటవీ సిబ్బంది ఒక్కరోజే కాలిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలుంటారు, మీలాంటివాళ్ళే. నిప్పు పెట్టేది ఎక్కువగా మనిషే. ఎండలు పెరిగాయి, అదీ నిజమే. ఆ ఎండకు అంటుకునే సరుకు మాత్రం వందేళ్ళ కిందటే పేర్చిపెట్టారు.

బయట గుంతల దగ్గర పెట్టిన మొక్కలన్నీ ఒకే జాతివి. సర్పంచ్ గారూ, దయచేసి ఇవాళ సగమే నాటించండి. ఆ గట్టు మీద మా చిన్నప్పుడు కానుగ, నేరేడు ఉండేవి. రెండు మోళ్ళు ఇప్పటికీ చిగురేస్తున్నాయి. రండి, చూపిస్తాను.