టీకా ఆగిన నెలలు: సమోవాలో 83 మందిని బలిగొన్న తట్టు

నమస్తే. ఈరోజు పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న సమోవా అనే చిన్న దేశం గురించి మాట్లాడుకుందాం. దాని జనాభా సుమారు రెండు లక్షలు. 2019 చివర్లో అక్కడ తట్టు సోకి 83 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. తట్టుకు టీకా వచ్చి అప్పటికే యాభై ఏళ్లు దాటింది. మరి ఇంతమంది పిల్లలు ఎలా పోయారు?

అంతకుముందు ఏడాది, అంటే 2018 జులైలో, సవాయి దీవిలోని ఒక ఆసుపత్రిలో ఇద్దరు పసిపిల్లలకు ఎంఎంఆర్ టీకా, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడూ రాకుండా వేసే టీకా వేశారు. కాసేపటికే ఇద్దరూ చనిపోయారు. ఈ టీకా సీసాలో పొడిగా ఉంటుంది. దాంతోపాటు వచ్చే ద్రావణంతో కలిపి వెయ్యాలి. ఆ రోజు దానికి బదులు, ఆపరేషన్లప్పుడు కండరాలు సడలడానికి వాడే మందు కలిపేశారు. టీకాలో ఏ లోపమూ లేదు, ప్రాణం తీసింది అందులో కలిపిన మందు.

ఇది కోర్టులో తేలి ఇద్దరు నర్సులకు ఐదేళ్ల జైలు శిక్ష పడేసరికి ఏడాది గడిచిపోయింది. ఈలోగా ప్రభుత్వం ఆ టీకానే నెలల తరబడి ఆపేసింది. చంకలో బిడ్డను ఎత్తుకున్న ఏ తల్లైనా ఏమనుకుంటుంది? 'సర్కారే ఆపిందంటే ఏదో ఉండే ఉంటుంది' అనుకుంటుంది. ఆమెను తప్పు పట్టలేం. టీకాలంటే పడనివాళ్లు సోషల్ మీడియాలో ఆ భయాన్ని ఇంకా పెంచారు. నర్సులు చేసిన తప్పుకు ఇద్దరు బిడ్డలు పోతే, ఆ తప్పేమిటో జనానికి వెంటనే, వివరంగా, మళ్లీ మళ్లీ చెప్పకపోవడం వల్ల ఎన్నో ఇళ్లలో పిల్లలు పోయారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అక్కడ టీకాలు అంతకుముందు నుంచే తగ్గుతూ వస్తున్నాయి, అదీ నిజమే. 2018లో మాత్రం తట్టు టీకా పడిన పసిపిల్లలు సుమారు మూడోవంతుకు పడిపోయారు. తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి. ఎందుకంటే ఇది మామూలు జలుబులా కాదు. రక్షణ లేని జనంలో ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది. ఒంటి మీద దద్దుర్లు కనబడడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకోవడం మొదలవుతుంది. అంటే మీకు తెలిసేసరికే పక్కింటి బిడ్డకు చేరిపోయి ఉంటుంది.

2019లో న్యూజిలాండ్‌లో తట్టు ప్రబలింది. అక్కడి నుంచి సమోవాకు వచ్చింది. అదే సమయంలో ఫిజీకి, టోంగాకు కూడా తట్టు పాకింది. టోంగాలో వందల మందికి సోకింది. అయినా ఆ రెండు దేశాల్లో ఒక్కరూ చనిపోలేదు. అదే సముద్రం, అదే వైరస్. అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి అప్పటికే టీకా పడింది, తేడా అదే.

చివరికి డిసెంబరులో సమోవా ప్రభుత్వం రెండు రోజులు ఆఫీసులన్నీ మూసేసింది. టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమంది. సిబ్బంది గడప గడపకూ వెళ్లి సూదులు వేశారు.

మనకూ ఇలాంటి దెబ్బ తగిలింది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరానికి ఇవ్వాల్సిన పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర ఇచ్చారు. పిల్లలు చనిపోయారు, ఇంకా చాలామందిని నిలోఫర్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడా దోషం టీకాది కాదు, మాత్రది. అలాంటి రోజున ఆ బస్తీలో ఉండే ఆశా కార్యకర్తను తలుచుకోండి. మర్నాడు అవే తలుపులు తట్టాల్సింది ఆమే. ఆమె చేతికి పూర్తి నిజం ఇవ్వకుండా పంపిస్తే ఎవరు నమ్ముతారు?

అనుమానం ఒక్కటే కారణం కాదు. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలకు టీకా మీద కోపమేమీ లేదు. ఒక పూట కూలి పోతుంది, పీహెచ్‌సీ దూరం, టీకా కార్డు సొంతూళ్లో ఉండిపోయింది, అంతే. వాళ్లకు ఉపన్యాసాలు అక్కర్లేదు, బట్టీ దగ్గరికే ఏఎన్ఎం రావాలి.

తట్టును అమ్మవారు అని పిలిచే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వేపాకు పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కానీ అది న్యుమోనియాకు, మెదడు వాపుకు కూడా దారి తీస్తుంది. కాబట్టి బిడ్డను డాక్టరుకు తప్పకుండా చూపించండి. విటమిన్ ఏ ఇస్తారు, అది చాలా ముఖ్యం.

మన దగ్గర తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేస్తారు. చాలామంది మర్చిపోయేది ఆ రెండోదే. తప్పిపోయినా ఐదేళ్ల లోపు వేయించుకోవచ్చు. కలిపిన సీసాను నాలుగు గంటల్లోపే వాడాలి, ఎప్పుడు కలిపారో ఏఎన్ఎం అమ్మను అడగండి, చెబుతారు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఇంటికిచ్చే మాత్ర పేరు కూడా అడిగి, చదివించుకుని తెచ్చుకోండి.