లైసెన్సు ఫీజులో ఒక వాటా

అందరికీ నమస్కారం.

డాక్టరుకు జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి వెళ్తాడు? చాలాసార్లు ఎవరి దగ్గరికీ వెళ్లడు. తన మందు తనే రాసుకుంటాడు. డిప్రెషన్ అయినా, తాగుడు అయినా బయటపడితే లైసెన్సు పోతుందని భయం. అది ఉత్తుత్తి భయమేమీ కాదు.

అమెరికాలో ఇలాంటి డాక్టర్లను చికిత్సకు పంపి, ఆ తర్వాత పరీక్షలతో పర్యవేక్షించే సహాయ కార్యక్రమాలు చాలా రాష్ట్రాల్లో నడుస్తున్నాయి. మత్తుకు అలవాటుపడి 16 కార్యక్రమాల్లో చేరిన 904 మందిని ఐదేళ్లు గమనించిన అధ్యయనం 2008లో వచ్చింది. వివరాలు దొరికిన 802 మందిలో సుమారు 79 శాతం అప్పటికి లైసెన్సుతో పని చేసుకుంటున్నారు. ఇలాంటి సాయం అందని డాక్టర్లతో పోల్చి చూసిన లెక్క కాదిది. అయినా తీసిపారేయలేం.

మరి డబ్బెవరు పెట్టాలి? ఆసుపత్రి పెడితే, జీతమిచ్చే యజమానికే మన రహస్యం తెలుస్తుందేమోనని టెన్షన్. చికిత్సా కేంద్రాలు విరాళమిస్తే, పేషెంట్లను వాళ్ల దగ్గరికే పంపుతారేమోనన్న అనుమానం. అందుకే నా ఓటు లైసెన్సు ఫీజుకే. వాషింగ్టన్ రాష్ట్రంలో రెన్యూవల్‌తో పాటే ఒక సర్‌ఛార్జి వసూలు చేసి ఈ పనికే కేటాయిస్తారు. ఆస్ట్రేలియాలోనూ మెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచే డాక్టర్ల ఆరోగ్య సేవలకు డబ్బిస్తుంది. సేవలు నడిపేది మాత్రం బోర్డు కాదు.

‘నేను చుక్క ముట్టను, నేనెందుకు కట్టాలి?’ అని అడిగేవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. ఇల్లు కాలలేదని ఇన్సూరెన్సు వాపసు అడుగుతామా?

కాలిఫోర్నియాను చూడండి. అక్కడ 1980లో మొదలైన కార్యక్రమానికి లైసెన్సు ఫీజుల డబ్బే వచ్చేది. కానీ నడిపింది లైసెన్సులిచ్చే మెడికల్ బోర్డే. శిక్షించే చేయీ ఆదుకునే చేయీ ఒకటే అయ్యాయి. పర్యవేక్షణలో లోపాలున్నాయని ఆడిట్లు మళ్లీ మళ్లీ తప్పుపట్టాయి. 2008లో మూతపడింది. కొత్త కార్యక్రమానికి దారి తీస్తూ 2016లో చట్టం చేశారు. కానీ ఈసారి ఖర్చు అందులో చేరే డాక్టర్ల మీదే వేశారు. నాకు మింగుడు పడనిది ఇదే. పని ఆగిపోయి, జీతం రాక కూర్చున్న మనిషిని పరీక్షలకు, పర్యవేక్షణకు నువ్వే కట్టుకో అంటే ముందుకొస్తాడా? ఇంకా లోపలికి ముడుచుకుంటాడు.

నార్త్ కరోలినాలో 2014లో రాష్ట్ర ఆడిటర్ అక్కడి కార్యక్రమాన్ని పరిశీలించారు. ఎవరికీ అన్యాయం జరిగినట్టు దొరకలేదు. కానీ జరిగినా పట్టుకునే ఏర్పాటు లేదని తేల్చారు. ఫీజు కట్టేది మనం కాబట్టి, ఆ ఏర్పాటు కావాలని అడగాల్సిందీ మనమే.

నేను కోరేది ఇంతే. సర్‌ఛార్జి ఎంతో రసీదులో విడిగా చూపాలి. కార్యక్రమాన్ని బోర్డు బయటి సంస్థ నడపాలి. తనంతట తాను వచ్చిన డాక్టరు వల్ల పేషెంట్లకు ప్రమాదం లేనంతవరకు బోర్డుకు అంకెలే వెళ్లాలి, పేర్లు కాదు. జీతం ఆగినవాళ్ల పరీక్షల ఖర్చు కూడా ఆ నిధిలోంచే రావాలి. దీనికి మన ఫీజు కొంత పెరుగుతుంది. పెంచమని బోర్డుకు రాయబోయే ఉత్తరం ఆ బల్ల మీద ఉంది, మొదటి సంతకం నాదే.