భుజం దగ్గర విరిగిన ఎముకకు ఏ ప్లేటు వేయించాలి?

నమస్కారం. శ్రీకాకుళంలో ఎముకల వైద్యుడిగా నేను రోజూ వినే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, స్టీలు వేస్తారా, టైటానియం వేస్తారా?" దానికి ఈ వీడియోలో సమాధానం చెబుతాను. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది.

నా చేతిలో ఉన్నది దండచేతి ఎముక నమూనా. పైన ఈ గుండ్రటి బంతి, దాని కింద సన్నబడిన మెడ చూడండి. నూతిగట్టు దగ్గర కాలుజారి చేతి మీద పడిన పెద్దవాళ్లకు ఎక్కువగా విరిగేది ఇక్కడే. విరిగిన ప్రతి ఎముకకూ ప్లేటు అక్కరలేదు. 1970లో నీర్ అనే శస్త్రవైద్యుడు పెట్టిన కొలత ప్రకారం, ముక్కలు 1 సెంటీమీటరుకు మించి జరిగినా, 45 డిగ్రీలకు మించి వంగినా మాత్రమే అవి కదిలినట్టు లెక్క. కదిలిన విరుపులున్న 250 మందితో బ్రిటన్‌లో చేసిన ప్రోఫర్ పరిశోధన 2015లో వెలువడింది. ఆపరేషన్ చేయించుకున్నవారికీ, చేతిని మెడకు వేలాడదీసే స్లింగులో ఉంచుకున్నవారికీ రెండేళ్ల కాలంలో చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. కనుక ముందుగా "ఆపరేషన్ తప్పనిసరా?" అని అడగండి.

తప్పదన్నప్పుడు, ఇదిగో, ఈ పాతకాలపు టీ ఆకారపు ప్లేటు. స్క్రూ బిగించినకొద్దీ ఇది ఎముకకు అదుముకుంటుంది. దాని పట్టంతా ఆ ఒత్తిడి మీదే ఆధారపడి ఉంటుంది. గుల్లబారిన ఎముకలో స్క్రూ వదులైతే ఆ పట్టు పోతుంది. పక్కనున్నది ఫిలోస్ తరహా లాకింగ్ ప్లేటు. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, రంధ్రం లోపలి మరలు గమనించండి. స్క్రూ తల ఈ మరల్లోకి బిగుసుకోవడం వల్ల ప్లేటూ స్క్రూలూ కలిసి ఒకే చట్రంలా నిలుస్తాయి. అంచున ఉన్న ఈ చిన్న రంధ్రాలు దారాల కోసం. భుజం కండరాల స్నాయువులను వీటికి కట్టివేస్తాము. పెద్దవాళ్ల ఎముకకు నేను ఎంచుకునేది ఇదే.

కానీ ఈ గట్టిదనంలోనే ఒక ప్రమాదం ఉంది. తొలినాళ్లలో నేను ఆపరేషన్ చేసిన ఒక పెద్దావిడ ఎక్స్‌రే నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆరు వారాలకు బంతి లోపలివైపుకు కుంగింది. స్క్రూలు మాత్రం కదలక, బంతిని చీల్చుకుని కీలులోకి పొడుచుకువచ్చాయి. తప్పు ప్లేటుది కాదు. చంకవైపున్న లోపలి గోడ నుజ్జునుజ్జయి ఉంటే, దానికి ఆధారం కల్పించకుండా బయటివైపు ప్లేటు మీదే నేను భారం వేశాను. ఆ నొప్పి ఆవిడ భరించవలసి వచ్చింది. అప్పటి నుంచి మెడ లోపలి అంచును ఆనుకుని, కింది నుంచి పైకి ఏటవాలుగా వెళ్లే ఈ రెండు స్క్రూలను వేయగలిగిన ఏ సందర్భంలోనూ నేను వదలలేదు. గోడ మరీ చితికిపోతే ఎముక లోపల ఫిబులా (పిక్క దగ్గరి సన్నటి ఎముక) ముక్కను ఊతంగా పెట్టే పద్ధతి కూడా ఉంది. ప్లేటును బంతి పక్కన బయటివైపు ఉండే ఎముక ఉబ్బు (గ్రేటర్ ట్యూబరాసిటీ) పైకొనకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు కిందుగా అమర్చాలి. పైకి జరిగితే, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ అది పై ఎముకకు తగులుతుంది. మీరు వైద్యుడిని అడగవలసింది ఇదే: "లోపలివైపు ఆధారం ఎలా ఇస్తున్నారు? స్క్రూ కొనలు కీలులోకి రాలేదని సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపే యంత్రం) చేతిని తిప్పి చూస్తారా?"

ఇక లోహం సంగతి. టైటానియం బిగువు స్టీలులో దాదాపు సగం. అందువల్ల అది ఎముకతో పాటు కొద్దిగా వంగుతుంది, ఎమ్మారై, సీటీ స్కాన్లలో నీడలు కూడా తక్కువ. అయితే లాకింగ్ స్క్రూలు ప్లేటులో బిగుసుకుపోయి, తరువాత తీయడం కష్టమయ్యే ఇబ్బంది టైటానియంలో ఎక్కువగా చూస్తాము. సరిగ్గా అమర్చిన స్టీలు లాకింగ్ ప్లేటుతో ఎముక చక్కగా అతుకుతుంది; కేవలం టైటానియం కోసం అప్పు చేయవద్దని నా దగ్గరికి వచ్చేవారికి గట్టిగా చెబుతాను. కార్బన్ ఫైబర్ ప్లేటు ఎక్స్‌రేకు అడ్డు రాదు, కానీ ఖరీదు ఎక్కువ, ఆపరేషన్ టేబుల్ మీద దానిని వంచలేము.

డిశ్చార్జి కాగితాల మీద ప్లేటు, స్క్రూల స్టిక్కర్లు అతికించమని తప్పక అడగండి. ఎప్పుడైనా వాటిని తీయవలసి వస్తే, స్క్రూ తలలోని గాడి ఆరు పలకలదా, నక్షత్రం ఆకారానిదా అన్నది ముందే తెలుసుకుని, సరైన స్క్రూడ్రైవరు సిద్ధం చేసుకోవడానికి ఆ స్టిక్కరే ఆధారం.